కొడుకుని మింగేసిన అమ్మ: ‘బావో’ చూసినవాళ్లు ఒకసారి ఇటు రండి

రెండోఆట

‘బావో’ మీద ఈ ఫోరమ్‌లో ఇంతవరకూ థ్రెడ్ లేకపోవడం ఆశ్చర్యంగా ఉంది. అమెరికా యానిమేషన్ స్టూడియో పిక్సార్ వాళ్ల ఎనిమిది నిమిషాల సినిమా. 2018 జూన్‌లో ‘ఇంక్రెడిబుల్స్ 2’కి ముందు థియేటర్లలో వేశారు, 2019లో ఆస్కార్ వచ్చింది. తీసినావిడ డోమీ షి, పిక్సార్‌లో షార్ట్ ఫిలిం డైరెక్ట్ చేసిన మొదటి మహిళ. కథ చెప్పకుండా దీని గురించి మాట్లాడటం కుదరదు, కాబట్టి చూడనివాళ్లు చూసొచ్చి చదవండి.

టొరంటోలో ఒక చైనా కుటుంబం. నడివయసు దాటిన ఇల్లాలు పొద్దున్నే పిండి కలిపి, లోపల కైమా పెట్టి, అంచులు మడిచి ఆవిరి మీద బావోలు ఉడికిస్తుంది. మొగుడు గబగబా నోట్లో కుక్కుకుని ఆఫీసుకి పోతాడు. ఆవిడ తన వాటా కొరకబోతే ఆ బావో కెవ్వుమంటుంది, దానికి కాళ్లూ చేతులూ మొలుస్తాయి. ఇక దాన్నే కొడుకులా పెంచుతుంది. బస్సులో పక్కన కూర్చోబెట్టుకుని బేకరీలో కొన్న బన్ను చెరిసగం తినడం, పార్కుకి తీసుకెళ్లి తైచీ అనే చైనా వ్యాయామం చేయించడం. వాడు పెద్దవుతాడు, ఫుట్‌బాల్ ఆడే పిల్లల దగ్గరికి పోతానంటాడు, గడ్డం వస్తుంది, తలుపు ధడాలున వేసుకుంటాడు, చివరికి బంగారు రంగు జుట్టు అమ్మాయిని వెంటబెట్టుకొచ్చి ఉంగరం చూపించి పెట్టె సర్దుకుంటాడు. ఆవిడ గుమ్మానికి అడ్డం పడుతుంది, లాగుతుంది, పెనుగులాడుతుంది, ఇంకేం చెయ్యాలో తోచక వాణ్ణి గుటుక్కున మింగేస్తుంది.

నేను చూసిన హాల్లో సరిగ్గా అక్కడే సగం మంది గొల్లుమని నవ్వారు. నాకైతే ఒళ్లు జలదరించింది. మీకేమనిపించిందో చెప్పండి.

అమలాపురం_కుర్రోడు

నవ్విన బ్యాచ్‌లో నేనూ ఉన్నా బ్రో. మోమో పిల్లాడు మోమో అయిపోయాడు, నవ్వక ఏం చేస్తాం. తర్వాత ఆవిడ ఏడుపు మొదలెట్టేసరికి మా వరుస మొత్తం సైలెంట్. పక్కనున్న మా ఫ్రెండు పాప్‌కార్న్ నమలడం కూడా ఆపేశాడు.

టొరంటో_చలి

టొరంటోలోనే, స్కార్‌బరోలో ఉంటాను కాబట్టి నాకు ఇది వేరేగా తగిలింది. సినిమాలో మా ఊరి పొడుగాటి సీఎన్ టవర్ చూపించారని కాదు, అది అందరూ చూపిస్తారు. ఆ ఇల్లు. పొయ్యి మీద నూనె చిందకుండా బర్నర్ల చుట్టూ అల్యూమినియం ఫాయిల్ చుట్టి ఉంటుంది, గమనించారా? మా చైనీస్ ఇంటి ఓనరమ్మ వంటింట్లో అచ్చం అదే. ఆవిడతో నేను నాలుగు ముక్కలకి మించి మాట్లాడలేదు, ఆవిడ ఇంగ్లిష్ ఆవిడది, నాది నాది. కానీ పండగొస్తే ఒక డబ్బా నా గుమ్మం దగ్గర పెట్టి తలుపు కొట్టి వెళ్లిపోయేది.

ఇంకో విషయం. డోమీ షి పుట్టింది చైనాలోని చోంగ్‌చింగ్‌లో, రెండేళ్లప్పుడు కెనడాకి తీసుకొచ్చారు. ఒక్కతే సంతానం. నాన్న చిత్రకళ టీచరు. ఇంట్లో అమ్మ, నాన్న, తను. అలాంటి ఇంట్లో అమ్మ ప్రేమంతా ఎటు పోతుంది? ఒక్క పిల్ల మీదికే. ఆ బరువు మోసినవాళ్లకే తెలుస్తుంది.

కీఫ్రేమ్

హైదరాబాద్‌లో ఒక స్టూడియోలో యానిమేటర్‌ని, పని సంగతులు కొంచెం చెప్తా. డోమీ షి షెరిడన్ కాలేజీలో చదివి 2011లో పిక్సార్‌లో ఇంటర్న్‌గా చేరింది, ‘ఇన్‌సైడ్ అవుట్’ సినిమాకి స్టోరీబోర్డులు, అంటే కథని వరసగా చూపించే బొమ్మలు, గీసింది. ‘బావో’ ఆఫీసు పని కాదు మొదట్లో, ఖాళీ టైంలో తనకోసం గీసుకున్నది. వాళ్లమ్మగారిని స్టూడియోకి రప్పించి, టీమ్ మొత్తానికి పిండి ఎలా కలపాలో, అంచు ఎలా మడవాలో ఆవిడ చేత చేయించి చూపించారు. టైటిల్స్‌లో ఆవిడకి కల్చరల్ కన్సల్టెంట్ అని పేరు కూడా వేశారు.

అది ఉత్త ముచ్చట కాదు, మా పనిలో ఎంత ముఖ్యమో చెప్తాను వినండి. గట్టి వస్తువుని కదిలించడం తేలిక. పిండి అలా కాదు, వేలు నొక్కితే దిగిపోవాలి, వేలు తీస్తే సగం మాత్రమే పైకి రావాలి, మిగతా సగం గుంట అలాగే ఉండిపోవాలి. పూర్తిగా పైకొస్తే రబ్బరు, అస్సలు రాకపోతే మట్టి. కంప్యూటర్‌కి అది చెప్పడానికి తల ప్రాణం తోకకొస్తుంది. మొదటి షాట్లలో ఆవిడ బొటనవేలు అంచుని లోపలికి తోస్తుంటే రెండో చెయ్యి ఆ ముద్దని కొంచెం కొంచెం తిప్పుతుంది చూడండి. మా అమ్మ కజ్జికాయ అంచు అల్లేటప్పుడు చూపు కూడా దించదు, అంత అలవాటు ఆ వేళ్లకి. ఎన్నేళ్లుగా అదే పని చేస్తోందో ఆ ఒక్క షాట్‌లో తెలిసిపోతుంది, డైలాగ్ అక్కర్లేదు. అసలు సినిమా మొత్తంలో మాటలే లేవు కదా.

మునగచెట్టు

నేను మీ అందరికన్నా పెద్దదాన్ని, విజయవాడలో ఉంటాను, ఒక్కడే కొడుకు, డాలస్‌లో. వాడే ఫోనుకి పంపి చూడమన్నాడు. ఎందుకు చూడమన్నాడో మొదట అర్థం కాలేదు.

మీరంతా మింగడం గురించి మాట్లాడుతున్నారు, నాకు అంతకుముందు సీను చాలా బాధనిపించింది. వాడికోసం బల్లనిండా వండి పెడుతుంది. వాడు స్నేహితులొచ్చారని వెళ్లిపోతాడు. ఆవిడ ఒక్కతే కూర్చుని ఆ గిన్నెలన్నీ కోపంగా తినేస్తుంది. ఆకలికి తినే తిండి కాదు అది. పారెయ్యలేక, ఇంకొకరికి పెట్టలేక, ఎవరి మీద కోపమో తెలియక తినే తిండి. నేను తిన్నాను అలా. వాడి క్యాంపస్ ఇంటర్వ్యూ అయిన రోజు గుత్తివంకాయ, పులిహోర, బొబ్బట్లు చేసి పెట్టుకుంటే రాత్రి పదకొండుకి ఫోన్ చేసి ఫ్రెండ్స్‌తో తినేశానమ్మా అన్నాడు. వాడి తప్పేం లేదు. అయినా ఆ రాత్రి నాలుగు బొబ్బట్లు తిన్నాను, షుగరు పెట్టుకుని.

కడుపులో పెట్టుకుని పెంచుకున్నవాడు పెట్టె సర్దుకుంటే చూస్తూ నిలబడటం చాలా కష్టం నాయనా. మింగేసిందని మీరు భయపడ్డారు, నాకు భయం వెయ్యలేదు.

అమలాపురం_కుర్రోడు

ఆంటీ 🙏 మా అమ్మకి ఇప్పుడే ఫోన్ చేస్తా

పచ్చిమిర్చి

మునగచెట్టు గారూ, మీ బాధని కాదనను. కానీ ఈ థ్రెడ్ మొత్తం అమ్మ తరఫు సానుభూతి సభలా తయారవుతోంది కాబట్టి ఎవరో ఒకరు రెండో వైపు మాట్లాడాలి.

మింగడం అంటే ఏంటి? నువ్వు నా మాట వినకపోతే నువ్వు అసలు ఉండొద్దు అని. దాన్ని ముద్దుగా, గుండ్రంగా, ఆవిరి మీద పెట్టి చూపించారు కాబట్టి మనకి కన్నీళ్లొచ్చాయి. అదే పని మా ఇళ్లల్లో మాటలతో చేస్తారు. మాది కులం వేరు పెళ్లి. అత్తగారు ఏడాదిపాటు భోజనం మానేస్తానని, ఆస్పత్రిలో చేరతానని బెదిరించారు, ఒకసారి నిజంగానే చేరి డ్రిప్ పెట్టించుకుని ఫోటో పంపించారు. ఆ అమ్మ ప్రేమ కూడా ప్రేమే. దాని కింద నలిగినవాణ్ణి నేను చూశాను, పక్కనే ఉన్నాను. సినిమాలో ఆ బంగారు జుట్టు పిల్ల ఆ పెనుగులాట అంతసేపూ ఏం చేస్తోందో ఎవరైనా ఆలోచించారా? ఆవిడకి ఒక్క క్షణం కూడా ఇవ్వలేదు కథలో.

రెండోఆట

పచ్చిమిర్చి గారు చెప్పింది కొట్టిపారేసేది కాదు. కానీ ఒక చిన్న అభ్యంతరం. మింగగానే సినిమా అయిపోలేదు కదా. ఆవిడ అదే క్షణంలో ఏం చేశానా అని ఏడుస్తుంది. తర్వాత తెలుస్తుంది అదంతా ఆవిడ తలలో జరిగిందని, పడుకుని ఉంటుంది, గుమ్మంలో గుండ్రటి తల నీడ కనబడుతుంది, అది నిజం కొడుకు. అంటే ఆవిడే తన గురించి తనకి చెప్పుకుంటున్న కథ ఇది. నేను వాణ్ణి మింగబోయాను అని ఒప్పుకుంటున్నది ఆవిడే. మీ అత్తగారికి ఎప్పుడైనా అలాంటి కల వచ్చిందంటారా?

పచ్చిమిర్చి

వచ్చినా చెప్పరు :)

కీఫ్రేమ్

ఇంకో సంగతి గుర్తొచ్చింది. స్టూడియోకి మొదట చెప్పేటప్పుడు ఆ మింగే ముక్కని డోమీ షి కాస్త మెత్తగా చేసిందట, మరీ చీకటిగా ఉందని వాళ్లు ఒప్పుకోరేమోనని. ‘ఇన్‌సైడ్ అవుట్’ దర్శకుడు పీట్ డాక్టరే మొదటి ఆలోచన ఉంచమని ప్రోత్సహించాడట. ఆ ఆలోచన ఎక్కణ్ణుంచి వచ్చిందో కూడా ఇంటర్వ్యూల్లో చెప్పింది: వాళ్లమ్మ తనని దగ్గరికి తీసుకుని, నిన్ను మళ్లీ నా పొట్టలో పెట్టేసుకుంటే ఎప్పుడూ ఎక్కడున్నావో తెలిసేది అని అంటూ ఉండేదట.

సో ఆ సీన్ తీసేస్తే మిగిలేది పండగ ప్రకటన. అమ్మ వండుతుంది, కొడుకు అలుగుతాడు, అమ్మ క్షమిస్తుంది. బిస్కెట్ కంపెనీవాళ్లు కూడా తీస్తారు అది.

వరంగల్_వాన

మీరంతా తల్లీకొడుకుల గురించి కొట్టుకుంటున్నరు, ఆ తండ్రిని ఎవరూ పట్టించుకోరేంది? మొదటి నిమిషంలో తిని పోయిండు. చివర్లో కొడుకుని లోపలికి పంపేది మాత్రం ఆయనే. నడుమ ఇరవై ఏళ్లు ఎక్కడున్నడు? ఆమె ఒక పిండిముద్దని కొడుకనుకునే దాకా వచ్చిందంటే ఆ ఇంట్లో ఆమెతో మాట్లాడే మనిషి లేడన్నట్టే కదా.

నేను గల్ఫ్ పోయొచ్చినోణ్ణి, అందుకే అడుగుతున్న. నేను దుబాయ్‌లో ఉన్నన్ని రోజులు మా ఆవిడ పిల్లగాడి గురించే మాట్లాడేది ఫోన్లో. వాడు ఏం తిన్నడు, ఎంత తిన్నడు. నాకు విసుగొచ్చేది. ఇప్పుడు ఈ సినిమా చూస్తే ఆమెకి మాట్లాడడానికి ఇంకేం ఉండె అనిపిస్తుంది.

టొరంటో_చలి

వరంగల్_వాన గారూ, మీరు పట్టుకున్నది చాలా అసలైన విషయం. దాని వెనక ఇక్కడి చరిత్ర కూడా కొంచెం ఉంది, విసుక్కోకండి, చెప్తా.

కెనడాకి చైనావాళ్లు పెద్ద సంఖ్యలో వచ్చింది రైలు పట్టాలు వెయ్యడానికి. పట్టాలయ్యాక 1885లో చైనా నుంచి వచ్చేవాళ్ల మీద తలపన్ను పెట్టారు, మనిషికి 50 డాలర్లు. 1900లో 100, 1903కల్లా 500 చేశారు. అప్పటి కూలివాడికి 500 డాలర్లంటే రెండేళ్ల సంపాదన. పెళ్లాన్ని తెచ్చుకోవాలన్నా మళ్లీ అంతే కట్టాలి, ఎవరు కడతారు? 1923లో ఇంకో చట్టం తెచ్చి రావడమే దాదాపు ఆపేశారు, అది 1947 వరకూ ఉంది. అంటే తరం తరమంతా మగవాళ్లు ఇక్కడ, ఆడవాళ్లు అక్కడ. తల్లి అనే మనిషి ఈ దేశంలో చైనా ఇళ్లల్లో మామూలుగా కనబడటం మొదలైందే ఆలస్యంగా. 1967లో చదువు, పని, భాష చూసి మార్కులేసే పాయింట్ల పద్ధతి వచ్చాకే చదువుకున్నవాళ్లు ఎక్కువగా కుటుంబాలతో రాగలిగారు, మనవాళ్లు కూడా ఆ తలుపులోంచే వచ్చారు. టొరంటోలో పాత చైనాటౌన్‌ని కొత్త సిటీ హాల్ కోసం చాలావరకు కూల్చేశారు, అందుకే అది స్పడైనా, డండాస్ రోడ్ల వైపు జరిగింది.

డోమీ షి వాళ్లలా చాలా తర్వాత వచ్చినవాళ్లకి పన్ను లేదు, చట్టం లేదు. చుట్టూ మనుషులు లేరు, అంతే. మొగుడికి ఆఫీసు ఉంది, పిల్లలకి బడి ఉంది, భాష అంటుకుంటుంది. అమ్మకి వంటిల్లు, బస్సు, చైనాటౌన్ బేకరీ, పార్కులో తైచీ. సినిమాలో ఆవిడ తిరిగే చోట్లు లెక్కపెట్టి చూడండి, దాదాపు ఇవే. టొరంటో పక్కనున్న బ్రాంప్టన్‌లో మన పెద్దవాళ్లని చూడండి, గుడి, ఇండియన్ స్టోర్, మాల్‌లో బెంచీ.

అమలాపురం_కుర్రోడు

ఈ ఫోరమ్‌కి సినిమా కబుర్లకని వచ్చా, పోటీ పరీక్షకి ప్రిపేర్ అయిపోయేలా ఉన్నా

మునగచెట్టు

డాలస్‌లో ఆరు నెలలు ఉండి వచ్చాను, టొరంటో అమ్మాయి చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. బెంచీ కూడా నిజమే. ఆ బెంచీ మీద నా పక్కన రోజూ ఒక చైనా ఆవిడ కూర్చునేది, మనవణ్ణి ఉయ్యాల ఊపుతూ. ఇద్దరం ఫోన్లో పిల్లల ఫోటోలు చూపించుకునేవాళ్లం.

పచ్చిమిర్చి అమ్మా, నీ మాటకి జవాబు చెప్పాలని రెండు రోజులుగా అనుకుంటున్నాను. నీ అత్తగారు చేసింది తప్పే. కానీ ఈ సినిమాలో ఆ తల్లి ఎవరినీ బెదిరించలేదు, లోపల అనుకుంది. లోపల అనుకున్నదానికి కూడా శిక్ష వేస్తే ఏ తల్లీ మిగలదు. నేనూ అనుకున్నాను, వీసా రిజెక్ట్ అవ్వాలని. వెంకన్నకి మొక్కుకున్నాను కూడా, వీసా రావాలని పైకి, రాకూడదని లోపల. ఆయనకి ఏది వినబడిందో మరి, వాడు వెళ్లాడు.

పచ్చిమిర్చి

అమ్మా, ఇంత నిజాయితీగా మాట్లాడితే నేనెలా వాదించను.

అయినా ఒకటి వదలను. చివరి సీను. అందరూ బల్ల చుట్టూ కూర్చుని బావోలు చేస్తారు. మొగుడికి, కొడుక్కి చేతకాదు, పిండి చెండాలం చేస్తారు. ఆ కోడలు పిల్ల మాత్రం మొదటిసారే చక్కగా మడుస్తుంది, అత్తగారు మెచ్చుకోలుగా చూస్తుంది. హాల్లో అందరికీ ముద్దొచ్చిన సీను అది. నాకు మాత్రం అదొక ప్రాక్టికల్ ఎగ్జామ్‌లా కనబడింది. ఆ పిల్లకి మడవడం రాకపోయుంటే? కొడుకు ఏడుస్తూ బన్ను తెచ్చి పక్కన కూర్చుంటే చాలు, మాఫీ. కోడలికి మాత్రం చెయ్యి తిరగాలి. ఇది చైనా కుటుంబం కథ అని ఊరుకుందామంటే మన సీరియళ్లలో ఇదే కదా రోజూ.

రెండోఆట

దీనికి నా దగ్గర జవాబు లేదు. ఎనిమిది నిమిషాల్లో ఆ అమ్మాయిని లోపలికి తీసుకురావడానికి ఇంకే దారి ఉంది అనొచ్చు, కానీ అది డైరెక్టర్ ఇబ్బంది, మనది కాదు.

ఆ బన్ను సీన్ మాత్రం నేను వదులుకోను. వాడు సారీ చెప్పడు, ఆవిడా చెప్పదు. చిన్నప్పుడు బస్సులో తిన్న అదే బన్ను, మంచం అంచున కూర్చుని ఇద్దరూ ఏడుస్తూ నములుతారు. ముక్కు కారుతూ నోటినిండా పెట్టుకుని ఏడవడం ఎంత వికారంగా ఉంటుందో అంత వికారంగానూ గీశారు, అందంగా చెయ్యలేదు. అక్కడ ఎవరు గెలిచారో చెప్పలేదు కూడా.

కీఫ్రేమ్

పచ్చిమిర్చి గారి పాయింటుకి డోమీ షి తర్వాత తీసిన ‘టర్నింగ్ రెడ్’ కొంత జవాబు. 2022లో వచ్చింది, అదీ టొరంటోనే, 2002లో జరిగే కథ. అందులో కూతురికి పదమూడేళ్లు, నోరుంది, అమ్మకి ఎదురు నిలబడి అరుస్తుంది. ‘బావో’లో పిల్లాడికి మాటే లేదు.

ఇంకో సరదా విషయం. ‘బావో’కి ఆస్కార్ వచ్చిన ఏడాది నామినేషన్లలో యానిమేషన్ షార్టులు ఐదూ చూడండి. ‘వన్ స్మాల్ స్టెప్’ అని ఒకటుంది, అదీ చైనీస్ అమెరికన్ ఇల్లే, కానీ అక్కడ నాన్న. చెప్పులు కుట్టే నాన్న, వ్యోమగామి కావాలనుకునే కూతురు. ‘వీకెండ్స్’ అని ఇంకోటి, అది 1980ల టొరంటో, విడిపోయిన అమ్మానాన్నల ఇళ్ల మధ్య తిరిగే పిల్లాడు. వరంగల్_వాన గారు మొదటిది తప్పకుండా చూడాలి. మనవాళ్ల కథే కావాలంటే పిక్సార్‌లోనే సంజయ్ పటేల్ 2015లో తీసిన ‘సంజయ్స్ సూపర్ టీమ్’ ఉంది, నాన్న పూజ చేసుకుంటుంటే కొడుకు టీవీ చూస్తానంటాడు. బాగుంటుంది, కానీ ఎవర్నీ మింగరు.

వరంగల్_వాన

చూసిన, ‘వన్ స్మాల్ స్టెప్’. ఆఫీసులో చూసిన, అది తప్పయిపోయింది. బాత్రూంకి పోయి మొహం కడుక్కోవాల్సి వచ్చింది.

టొరంటో_చలి

కీఫ్రేమ్ గారూ, ‘సంజయ్స్ సూపర్ టీమ్’లో మింగకపోవడానికి కారణం అది నాన్న కథ కావడమేనేమో. నాన్నలు దూరంగా కూర్చుని చూస్తారు, అమ్మలు నోట్లో పెడతారు. మా ఇంట్లోనూ అంతే, నాన్నతో గొడవైతే నెలల తరబడి మౌనం, అమ్మతో గొడవైతే అరగంటలో ప్లేటు వచ్చేస్తుంది, కోపంగా బల్ల మీద పెట్టి వెళ్తుంది, కానీ వస్తుంది.

మునగచెట్టు

మావాడు నిన్న ఫోన్ చేసి, అమ్మా ఆ బొమ్మల సినిమా చూశావా అన్నాడు. చూశాను అన్నాను. ఊఁ అన్నాడు. తర్వాత వాడు వాతావరణం గురించి, నేను టమాటా ధర గురించి మాట్లాడుకున్నాం. ఫోన్ పెట్టేముందు, సంక్రాంతికి టికెట్లు చూస్తున్నా అన్నాడు. ఒక్కడివేనా అనలేదు నేను. అనాలని నోటిదాకా వచ్చింది. వాడికి అక్కడెవరో ఉన్నారని నాకు తెలుసు, వాడికి నాకు తెలుసని తెలియదు.

పచ్చిమిర్చి

అమ్మా, ఆ అమ్మాయికి బొబ్బట్లు చెయ్యడం రాకపోయినా ఫరవాలేదని ఇప్పుడే అనేసుకోండి.

మునగచెట్టు

నాకే సరిగ్గా రావమ్మా, అంచులు చిరుగుతాయి. మా అత్తగారు చచ్చేదాకా అదే అంది.

అమలాపురం_కుర్రోడు

అప్‌డేట్: మా అమ్మకి పెట్టి చూపించా. మింగినప్పుడు ఏమీ అనలేదు, బన్ను దగ్గర కొంగుతో కళ్లు తుడుచుకుంది, చివర్లో మాత్రం “ఆ పిల్లకి చెయ్యి భలే తిరిగిందిరా, మొదటిసారికే” అంది. పచ్చిమిర్చి గారూ, మీ కేసు కొట్టేశారు.

పచ్చిమిర్చి

కొట్టెయ్యడం కాదు తమ్ముడూ, గెలిచాను. మీ అమ్మ చూసింది ఆ పిల్ల చెయ్యే కదా.